చుక్కల ఏట్లో రాజు

నా వృత్తి తాటాకుల మీద పురాణాలకు నకలు తియ్యడం. ఇరవై ఏళ్లుగా ఇంకొకరి మాటలే రాస్తూ వచ్చాను. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు కొత్త కాలవలో మా రాజోలు వైపు వచ్చిన మూడో ఏడాది, ఎవరూ రాయని కథ ఒకటి నా చేతికి చిక్కింది. దాన్ని చేతులారా చెడగొట్టుకున్నాను. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇప్పుడు అందరి మీదా కోప్పడుతున్నాను.

కథ వరహాలమ్మది. మా రేవులో చేపలు పట్టే ఇళ్లకు పెద్ద దిక్కు, అరవై దాటిన మనిషి. అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం వేళ పాక నీడలో చిరిగిన వల బాగుచేసుకుంటూ చెప్పేది. నేను ఎదురుగా కూర్చుని గంటంతో రాసుకునేవాణ్ణి. ఆకాశంలో తెల్లగా కనిపించే చారిక ఒక ఏరట. దాని ఒడ్డున ఏడు చుక్కలు, చుక్కకొక ఊరు. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పడవలో వెళ్లేసరికి మన లెక్కన మనిషికి సగం ఆయుష్షు అయిపోతుందట; వాళ్లకది ఒక నెల. పెళ్లిళ్లూ పురుళ్లూ పడవలోనే. ఆ ఏట్లో చేపలుండవు, వెలుతురు ఉంటుంది. దాన్నే వలేసి పట్టుకుని బతుకుతారు.

అక్కడ రాజు లేడు. మా ఏరు సముద్రంలో కలిసే మొగలో వల వెయ్యడానికి వంతులున్నట్టు, అక్కడ పెత్తనానికి వంతులు. ఇంటింటివాళ్లూ గుర్తు పెట్టిన గవ్వ తెచ్చి కుండలో వేస్తే, ఒక ముసలామె కళ్లు మూసుకుని ఒకటి తీస్తుంది. ఎవరి గవ్వ వస్తే ఏడాదిపాటు ఏడు చుక్కలకూ వాళ్ల మాటే. ఏడాది తిరగ్గానే దిగిపోవాలి.

కథ పోతురాజు అనేవాడి దగ్గరకొచ్చి ఆగింది. వంతు అయిపోయినా అతను దిగనన్నాడు. మిగతా ఆరు చుక్కలవాళ్లూ ఏం చేశారు? "రేపు చెప్తానండి" అంది వరహాలమ్మ.

ఆ సాయంత్రమే బంగారరాజుగారు పిలిపించారు. ఆయన కాలవ మొదట్లో నూరెకరాల మాగాణి ఉన్న ఆసామీ. ఈ కథకు తాటాకులిచ్చింది ఆయనే. అంతవరకూ రాసింది చదివించుకుని మొహం చిట్లించారు.

"రాజు లేని కథేంటండీ పంతులుగారూ?"

"అక్కడ లేడండీ."

"మరి ఆ పోతురాజుని దించేదెవరు? మా కాలవ కింద రైతులు నీళ్లకి వంతులు పెట్టమని ఇప్పటికే పీక్కుతింటన్నారు. తమరు చుక్కల్లో కూడా పెట్టేసేరు. రేపు శుక్రవారం పొద్దున మా అరుగు మీద నలుగురిలో చదవాలి, రాజుగారుండాలి. లేదంటే నా ఆకులు నాకిచ్చెయ్యండి."

ఆకులిచ్చేస్తే రాసిందంతా పోయినట్టే. అయినా నెపమంతా ఆయన మీదకు నెట్టను. నేను నకలు తీసిన ప్రతి పురాణంలోనూ చిక్కు విప్పింది రాజే; నా చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. మూడే మూడు ఆకుల్లో నక్షత్ర మహారాజు వెండి ఓడలో దిగి, పోతురాజు తల తీయించి, సింహాసనం ఎక్కేశాడు. చదువురాని మనిషికి ఎలా తెలుస్తుందిలే అనుకున్నాను. సిగ్గుమాలిన ఆలోచన.

శుక్రవారం చదివాను. రాజు దిగిన చోట బంగారరాజుగారు తొడ చరిచారు. తలెత్తి చూస్తే వాకిట్లో చేపల గంపతో వరహాలమ్మ. అంతా వింది. గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పాక దగ్గరకు వెళ్లాను.

"ఆ మూడాకులూ తీసేస్తాను వరహాలమ్మా. నీ కథ నువ్వు చెప్పు. పోతురాజుని ఏం చేసేరు?"

"మీ రాజుగారినడగండి. ఆయనకి తెలిసుంటాది."

నాకు ఒళ్లు మండింది. "నన్నేం చెయ్యమన్నావు? ఆయన ఆకులు లాక్కుంటానన్నాడు."

"నాతో ఒక్క మాట అనవలిసిందండి. నా కథ గదా."

బతిమాలాను, కసిరాను, మళ్లీ బతిమాలాను. ఆమె వల మీంచి తలెత్తలేదు.

"వంతు గానోడు వలేస్తే మా రేవులో కొట్టం, తిట్టం. ఏడాదిపాటు ఆడి పడవెక్కం, ఆడి వల పట్టం, ఆడితో మాటాడం. తమరు వచ్చే ఏడు రండి."

"ఏడాదా? నీ వయసెంతో తెలుసా?"

"తెలుసండి" అని అటు తిరిగి కూర్చుంది.

మా ఇల్లు ఏటికి అవతల. దాటించే వీరబాబు వరహాలమ్మ వాళ్ల మనిషే; అతని పడవ ఖాళీగానే ఉంది. "ఈ ఏడు తమరికి లేదండి" అని మర్యాదగా చెప్పి తాడు చుట్టుకున్నాడు. రెండో పడవవాడు అసలు నావైపే చూడలేదు. తిట్టుకుంటూ ఎండలో పై రేవు దాకా మూడు కోసులు నడిచాను.

సగం దారిలో తెలిసింది. ఆరు చుక్కలవాళ్లూ పోతురాజుని చేసింది ఇదే. ఎవరూ తల తియ్యలేదు. అందరూ ఒక్కొక్కరే అతని పడవ దిగిపోయారు. అంత పెద్ద ఏట్లో చుక్కాని పట్టుకుని, తన మాట వినే దిక్కు లేక ఒక్కడూ మిగిలిపోయాడు.

ఇంటికెళ్లి గంటం తీశాను. కానీ ఇది వరహాలమ్మ చెప్పింది కాదు, నేను అనుకున్నది. ఈసారి అడగకుండా రాయకూడదు. అడుగుదామంటే ఏడాదిదాకా నాతో మాట్లాడదు. ఇప్పటికి పదకొండు రోజులయింది.