టైలరు బొటనవేలి గోరు

గుండీ అనే కుక్క చెవిని వెనక్కి మడిచి, వెంట్రుకలు పాయలు తీసి, దాక్కున్న పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా పైకి లాగింది పిన్ని. స్పిరిటు సీసాలో వేసి మూత బిగించింది. కుక్కల ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదలుకొని గేటు కాపలాదారు దాకా అందరికీ ఆమె పిన్నే. పెళ్లైన కొత్తలో చేరింది. కుక్కలకు స్నానాలు చేయించీ చేయించీ కాలివేళ్ల సందులు ఎప్పుడూ నాని తెల్లగా ఉంటాయి. సాయంత్రం ఇంటికెళ్తే కూతురు గుమ్మంలోనే ఆపేస్తుంది. ముందు స్నానం, తర్వాతే మాటలు.

గుండీ ఒక టైలరు కుక్క. పిడుదుల జ్వరంతో ముక్కులోంచి రక్తం కారుతుంటే చేతుల మీద మోసుకొచ్చాడు. ఆ రోజు బెంచీ మీద కూర్చుని, దాని మెడ మీది పిడుదును గిల్లి తీసి, బట్ట మడతలు గీసే పొడుగాటి బొటనవేలి గోరుతో టక్కున నలిపాడు. పిన్ని చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నా, గోటితో నలపకు. దాని లోపలి రోగం నీకంటుకుంటుంది. నేనూ అలాగే నలిపి, జ్వరమొచ్చి చావు తప్పించుకున్నా."

"సూది పోట్లు తిన్న చేతులు పిన్నీ ఇవి. పిడుదేం చేస్తుంది?"

"ఆ పోట్లలోంచే లోపలికి పోతుంది."

ఆసుపత్రిలోనే ఉంచిన గుండీని చూడటానికి కొన్నాళ్లకు టైలరు ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతూ వచ్చాడు. మాత్ర వేసుకుంటే పోతుందన్నాడు. పిన్ని వినలేదు. ఆటో ఎక్కించి, "పెద్దాసుపత్రికి పో. పిడుదు నలిపిన సంగతి ముందు చెప్పు. లేకపోతే మామూలు జ్వరమనుకుంటారు" అని పోరు పెట్టింది. అప్పట్నుంచి మనిషి జాడ లేదు, ఫోను ఎత్తడు. ఇంట్లో ఒక్కడే. వెళ్లాడో, దారిలో ఆటో ఇంటికే తిప్పించాడో.

"గుండీకి మందు పనిచేసింది పిన్నీ. ఇక తినాలి. తినకపోతే నిలవదు" అంది డాక్టరమ్మ పొద్దున. పిన్ని బతిమాలింది, తిట్టింది, ముద్ద నోటి దాకా పెట్టింది. గుండీ మాత్రం మూతి గేటు వైపు తిప్పుకుని పడుకుంది. ఇద్దరూ చేజారిపోతున్నారని ఆమెకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం గేటు దగ్గర ఆటో ఆగింది. టైలరు దిగాడు. తను కుట్టుకున్న చొక్కాయే, ఇంకెవరి కొలతలకో కుట్టినట్టు వేలాడుతోంది.

"బతికే ఉన్నావన్నమాట." తిడదామనుకుంది గానీ చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చింది.

"నువ్వు చెప్పమన్నది చెప్పా. వెంటనే మందు మొదలెట్టారు. ఇంకా ఆలస్యమైతే దక్కేవాడివి కాదన్నారు." బొటనవేలు చూపించాడు. గోరు మొదలంటా కత్తిరించి ఉంది. "మడతలకిక స్కేలే గతి."

ఆ గొంతు విని గుండీ లేచింది. కాళ్లు వణుకుతున్నా వచ్చి అతని మోకాలికి తల రుద్దింది. అతను పెట్టిన మొదటి ముద్ద తింది, రెండోది లాక్కుంది, ఆపైన గిన్నెలోనే తల దూర్చేసింది. డాక్టరమ్మ గదిలోంచి పరుగున వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది. ఇన్నేళ్ల పనిలో ఇంత గర్వం ఆమెకెప్పుడూ కలగలేదు.

మందులు, జాగ్రత్తలు రెండేసిసార్లు చెప్పించుకుని టైలరు బయల్దేరాడు. గుండీ గొలుసు లేకుండానే అతని అడుగులో అడుగేస్తూ తనంతట తానే ఆటో ఎక్కి కూర్చుంది. పిన్ని గేటు వేసి, గది కడగడానికి లోపలికొచ్చింది. కొక్కేనికి గుండీ గొలుసు అలాగే వేలాడుతోంది.