రెండు మిల్లీమీటర్లు

తనది అనుమానపు బుద్ధేమో అన్న అనుమానం ఆమెకు పెళ్ళయినప్పటి నుంచీ, పదహారేళ్ళుగా ఉంది. వంటింట్లో గ్యాసు వాసన వస్తోందంటే భర్త పేపర్లోంచి తలెత్తకుండానే "నీ భ్రమ" అనేవాడు. కోడలు దేవుడి పటాన్ని కూడా టేపు పెట్టి కొలుస్తుందని అత్తగారు వచ్చినవాళ్ళందరినీ నవ్వించేది. చివరికి మెకానిక్ వచ్చి, గొట్టం దగ్గర వాషరు మార్చి వెళ్ళాడు. నువ్వన్నది నిజమేనని మాత్రం ఎవరూ అనలేదు.

ఆస్పత్రిలో ఆ బుద్ధికే జీతమిస్తారు. క్యాన్సరు రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రాన్ని రోజూ మొదటి రోగి రాకముందే పరీక్షించడం ఆమె పని. ఇంట్లో అందరి డబ్బాలూ సర్ది ఏడుకల్లా అక్కడుంటుంది. ఇవాళ ఈ బల్ల మీద పడుకునేవాళ్ళను చల్లగా చూడమని ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటుంది. ఆ తర్వాత దేవుడి మీద భారం వెయ్యదు. రోగిని ఎక్కడ పడుకోబెట్టాలో చూపించే గోడల్లోని లేజరు గీతలు, రోగికి బదులు బల్ల మీద పెట్టిన ప్లాస్టిక్ దిమ్మ మీది గుర్తులకు సరిపోతున్నాయా, రేడియేషన్ మోతాదు ఉండాల్సినంతే ఉందా, అన్నీ కొలిచి సంతకం పెడుతుంది. నిన్న బాగుందన్న మాట ఇవాళ్టికి చెల్లదు. ఇంత నమ్మకమూ ఇంత అనుమానమూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయో ఆమెకే తెలియదు. రెండూ ఇచ్చినవాడు ఒక్కడే కదా అని సర్దుకుంటుంది.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, రొమ్ము క్యాన్సరుకు చికిత్స చేయించుకుంటున్న టైలరమ్మ బల్ల మీద పడుకుని, లేజరు గీత ఒంటి మీద రోజూ పడేచోట పడట్లేదంది. పొద్దున్నే తాను కొలిచిన యంత్రం. బయట ఇంకా పన్నెండుమంది ఉన్నారు. "మీ భ్రమమ్మా, కదలకండి" అనేసింది. మర్నాడు కొలిస్తే గోడ లేజరు రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంది. ముందురోజు దానికి స్ట్రెచరు తగిలిందట. సరిచేసి, రిజిస్టరులో రాసింది. అంతమాత్రం తేడాకు చికిత్స చెడలేదని, చెప్పి భయపెట్టొద్దని పెద్ద డాక్టరు అన్నాడు. చెడలేదన్నది నిజమే. కానీ భర్త మాట, భర్త గొంతుతో సహా, తన నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చింది? టైలరమ్మ చికిత్స ముగించుకుని వెళ్ళిపోయింది. ఆ మాట వెనక్కి తీసుకోవడం బాకీ ఉండిపోయింది.

ఇవాళ ఆస్పత్రి వరండాలో టైలరమ్మ మళ్ళీ కనిపించింది. ఏడాదికోసారి చూపించుకోవడానికి భర్తతో వచ్చింది.

"భుజం నొప్పంటోంది మేడమ్. డాక్టరుగారికి చెప్పక్కర్లేదులే అన్నాను" అన్నాడాయన నవ్వుతూ. "అప్పుడు మీరే అన్నారుగా, భ్రమని. ఇంట్లో ఏం చెప్పినా మేం అదే గుర్తుచేస్తాం."

టైలరమ్మ చేతిసంచి జిప్పు వేస్తూ, తీస్తూ కూర్చుంది. పెద్ద డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. ఆయనకు వినపడితే వినపడనీ అనుకుని తాను టైలరమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆ రోజు గీత పక్కకే పడింది. రెండు మిల్లీమీటర్లు. మర్నాడు నేనే కొలిచాను. మీ చికిత్సకేం కాలేదు. కానీ మీరు చూసింది నిజం, నేనన్నదే తప్పు. అప్పుడే చెప్పాల్సింది."

టైలరమ్మ సంచి జిప్పు వేసేసింది.

"రెండేనా? నేను మూడనుకున్నా" అంది.

తర్వాత భర్త చేతిలోని ఫైలు తీసుకుని, భుజం సంగతి చెప్పడానికి తానొక్కతే డాక్టరు గదిలోకి వెళ్ళింది.