కూర్చుని చెప్పాల్సిన మాట

మా బావమరిది కుడిచేతి రెండు వేళ్ళు రంపం కింద పోయిన రోజున, నెమ్మదయ్యను పనిలోంచి తీసేయమని ఓనరుకు చెప్పింది నేనే.

ఆ వడ్రంగి షెడ్డుకు నేను మేస్త్రీని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. నిజమే. నెమ్మదయ్య వేరే దేశం నుంచి వచ్చి ఆరు నెలలైంది. నలభై ఏళ్ళ మనిషి, మంచి పనిమంతుడు. మన మాట బాగానే నేర్చుకున్నాడు గానీ, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడేవాడు. ఆ పేరు మావాళ్ళు పెట్టిందే.

ప్రమాదానికి ముందు రెండు రోజుల్లో అతను మూడుసార్లు నా దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీగారూ, మీ పక్కన ఓ ఐదు నిమిషాలు కూర్చోవచ్చా?"

"పనివేళలో కూర్చోవడమేంటయ్యా! చెప్పేదేదో నిలబడే చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, "ఏం లేదండీ" అని వెళ్ళిపోయేవాడు. సెలవు కోసం నసుగుతున్నాడనుకున్నాను. మూడోసారి మాత్రం, "అత్తారింటికొచ్చావా, కూర్చోబెట్టి మర్యాదలు చెయ్యడానికి?" అన్నాను. షెడ్డంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ సాయంత్రం మెషీన్లు ఎలా ఉన్నాయని నేను అందరినీ వరసగా అడిగితే, అతను నేలకేసి చూస్తూ "బాగున్నాయండీ" అన్నాడు.

మర్నాడు పొద్దున రంపం మీద రక్షణగా ఉండే ఇనప మూత ఊడి పడింది. చెక్క తోస్తున్న మా బావమరిది ఉలిక్కిపడ్డాడు. చెయ్యి రంపం పళ్ళ మీదికి పోయింది.

ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నెమ్మదయ్య ఏడుస్తూ, "మూత వదులుగా ఉందని నాకు ముందే తెలుసండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసీ నోరు మూసుకున్నవాడు మనిషేనా? దారిలోనే ఓనరుకు ఫోన్ చేశాను. రేపు పొద్దున అందరి ముందూ తేల్చేస్తానన్నాడాయన.

ఆపరేషన్ గది బయట మధ్యాహ్నం దాకా నిలబడే ఉన్నాను. చివరికి కాళ్ళు లాగేసి బెంచీ మీద కూలబడ్డాను. ఆ చివర కూర్చున్న నెమ్మదయ్య నా పక్కకు జరిగాడు.

"మీరు కూర్చున్నారు. ఇప్పుడు చెప్పొచ్చా?"

"ఇంకేం చెప్తావయ్యా!"

"మా వైపు పెద్దవాళ్ళ తప్పు నలుగురిలో నిలబడి చెప్పకూడదండీ. వాళ్ళ తల తీసేసినట్టే. పక్కన కూర్చుని, వాళ్ళొక్కళ్ళకే చెప్పాలి."

"పెద్దవాళ్ళెవరు? ఎవరి తప్పు?"

అతను నా వైపు చూడలేదు. "సోమవారం ఆ మూత బిగించింది మీరేనండీ. ఒక బోల్టు పెట్టలేదు."

"మరి నువ్వే బిగించొచ్చుగా?"

"మీ పని మీద, మీకు చెప్పకుండా చెయ్యి వెయ్యడమా? కానీ అరిచైనా చెప్పాల్సిందండీ. నాకు నోరు రాలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం బిగిస్తూ ఉంటే ఫోన్ మోగింది. చేతిలో బోల్టు జేబులో వేసుకుని లేచాను. నా పరువు నిలబెట్టడానికి మూడుసార్లు వచ్చినవాణ్ణి మూడుసార్లూ తరిమేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఓనరు అందర్నీ షెడ్డులో నిలబెట్టాడు. నేను ముందుకు కదలగానే నెమ్మదయ్య నా చొక్కా పట్టుకుని లాగాడు.

"అందరి ముందూ వద్దండీ. లోపల కూర్చుని చెప్పుకోండి."

"మా వైపు ఇలాంటివి నిలబడే ఒప్పుకోవాలయ్యా" అన్నాను.

సోమవారం వేసుకున్న చొక్కా జేబులో రాత్రి వెతికి తెచ్చిన బోల్టు తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాను. "ఇది పెట్టనిది నేనే. ఇతను చెప్పడానికి వస్తే విననిదీ నేనే."

నా పరువు పోవడం చూడలేక నెమ్మదయ్య తల దించుకున్నాడు.