ఫుసాయె గారి అడుగులు

మా ఏడో బ్లాకులో ఉన్న ముసలివాళ్లందరి ఫోన్లలోనూ వార్డు ఆఫీసు వాళ్లు నడక యాప్ పెట్టి పోయారు. ఒకే మెట్లు వాడే ఇళ్లవాళ్లది ఒక జట్టు, జట్టుకు ఐదుగురు. ప్రతి ఒక్కరూ రోజుకు మూడు వేల అడుగులు వేస్తేనే జట్టు పేరు పక్కన చెర్రీ పువ్వు పూస్తుంది. ఒక్కరు తగ్గినా మొగ్గ ముడుచుకుపోతుంది. మా జట్టు పెద్ద ఇవాబుచి గారు ఆ లెక్కని ప్రతి సోమవారం పోస్టు డబ్బాల పక్కన గోడకు అంటిస్తాడు. డెబ్బై ఆరేళ్ల దాన్ని, నాకీ బడిపిల్లల వేషాలేమిటని ఒళ్లు మండింది. అయినా నడిచాను. నా వల్ల మిగతా నలుగురికీ తలవంపులు రాకూడదు కదా.

యాప్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. రెండు రోజులు అడుగే పడకపోతే ఆఫీసు నుంచి మనిషి వచ్చి తలుపు కొడతాడు. నాలుగో బ్లాకులో ఒకాయన పోయిన మూడు వారాలకు గానీ ఎవరికీ తెలియలేదు. అందుకే ఈ ఏర్పాటు.

మే నెలలో ఫుసాయె గారి మోకాలు వాచింది. ఆవిడది నా పై అంతస్తు. ఎనభై రెండేళ్లు, ఒంటరి మనిషి. ముప్పై ఏళ్ల స్నేహమైనా ఒకరినొకరు గారు అనడం మానలేదు. ఒక సాయంత్రం గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చి తన ఫోను నా చేతిలో పెట్టింది.

"మీ ఫోనుతో పాటు దీన్నీ కాస్త తిప్పుకురండి కినుయో గారూ. నా మోకాలికి మీ నలుగురికీ శిక్షేమిటి?"

"ఇవాబుచి గారితో చెబితే సరిపోతుందిగా."

"చెబితే ఆయన అందరి ముందూ పర్వాలేదంటాడు. ఆ పర్వాలేదు నేను వినలేను."

నాకూ అదే జబ్బు కాబట్టి కాదనలేకపోయాను. మోకాలి వాపు తగ్గేదాకా తన గడప దగ్గరికి రావద్దని, ఎవరైనా చూస్తే గుట్టు బయటపడుతుందని ఒట్టు కూడా వేయించుకుంది. బియ్యం, ఊరగాయలు నెలకు సరిపడా ఉన్నాయంది. ఒక్కటి మాత్రం ఇద్దరికీ తట్టలేదు. మోసగాళ్లు ఫోన్లు చేసి విసిగిస్తున్నారని కిందటేడే ఆవిడ ఇంటి ఫోను తీయించేసింది. ఆవిడకున్న ఒక్క ఫోనూ ఇప్పుడు నా నడుముకు కట్టుకున్న సంచిలో ఉంది.

ఎవరికి వీలైన వేళ వాళ్లు నడుస్తాం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సోమవారం కాగితంలో ఫుసాయె గారి పేరు రెండో చోట, పది అడుగుల తేడాతో నా పేరు మూడో చోట ఉన్నాయి. ఎనభై రెండేళ్లావిడని చూసి బుద్ధి తెచ్చుకోమని ఇవాబుచి గారు మిగతావాళ్లని దెప్పాడు. అందులో నేనూ ఉన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మంగళవారం నడకలో కాలవగట్టు మీంచి చూస్తే ఆవిడ బాల్కనీలో నీలం తువాలు ఆరేసి ఉంది. బుధవారం వాన. తువాలు అక్కడే ఉంది, తడిసి కడ్డీకి అంటుకుపోయి. ఫుసాయె గారు మబ్బు పట్టగానే బట్టలు తీసేసే మనిషి. వెళ్లి చూద్దామనుకుంటే ఒట్టు అడ్డొచ్చింది. ఆవిడ ఫోను తీసి చూశాను. ఫుసాయె, నాలుగు వేల రెండు వందలు. నా మొహం మండ, అవి నేను నడిచిన అడుగులే. అయినా ఆ అంకె చూడగానే మనసు కుదుటపడింది. నా బుద్ధి గడ్డి తింది.

గురువారం కూడా తువాలు అలాగే ఉంది. ఒట్టూ లేదు గిట్టూ లేదని గట్టు దిగి ఇంటివైపు మళ్లాను. అప్పుడే సంచిలో ఆవిడ ఫోను మోగింది. సెందాయ్‌లో ఉండే ఆవిడ కూతురు నొబుయె. తీశాను. నేను పలికేలోపే ఆ అమ్మాయి మొదలుపెట్టింది.

"అమ్మా, నడకలో ఉన్నావా? ఇక్కడ నా ఫోనులోనూ ఆ యాప్ పెట్టుకుని రోజూ నీ అడుగులు చూస్తూనే ఉన్నా. అందుకే నిశ్చింతగా ఉండి ఈ వారం ఫోనే చేయలేదు."

నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఎక్కాను. ఆ అమ్మాయి తన పిల్లల సంగతులేవో చెబుతూనే ఉంది. తలుపు కొట్టాను. అలికిడి లేదు. వంగి, తలుపులో ఉత్తరాలు వేసే కంతకున్న రేకు ఎత్తి లోపలికి చూశాను. పట్టపగలు లోపల లైటు వెలుగుతోంది. నడవా చివర ఆవిడ పాదం కనిపించింది, మడమ పైకి తిరిగి ఉంది. రేకుని గట్టిగా టపటపలాడించాను. పాదం కదల్లేదు.

"మెట్లెక్కావా అమ్మా? ఎంత ఆయాసపడుతున్నావో. కాసేపు కూర్చో," అంది నొబుయె.

"నేను మీ అమ్మని కాదు తల్లీ. కింది ఇంటి కినుయోని," అన్నాను. "ఇన్నాళ్లూ నువ్వు చూసిన అడుగులు నావి."