కుడివైపు సీటు

ఉదయం ఆరు నలభైకి రెమ్జి నాలుగో కాగితం చింపాడు, చింపాక గుర్తొచ్చింది దాని వెనక దూరాలు రాసుకున్నాడని, రాసుకోకపోయినా పోయేదేం లేదు, అంతాల్యా నుంచి ఫినికె నూట పదిహేను, ఫినికె నుంచి దెమ్రె ముప్ఫై, దెమ్రె నుంచి కాష్ నలభై ఐదు, కాష్ నుంచి ఫెతియె నూట ఐదు, ఇరవై ఎనిమిదేళ్ళు మధ్యధరా తీరం వెంట బస్సు నడిపినవాడికి కాగితమెందుకు, కావలసింది సబహత్‌కి, ఏ రోజు ఎక్కడుంటామో రాసివ్వు, ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను, అంటిస్తే గాని నువ్వు కదలవు అంది పెళ్ళాం, ఆ మాట అని పదకొండు రోజులైంది, రేపు గురువారం తొమ్మిదింటికి బయల్దేరాలి, నాలుగు రోజులు, మూడు రాత్రులు, మూడంతస్తుల బిల్డింగు మొత్తానికి చెప్పేసింది, ఎదురింటి హాజెర్ అయితే మీ కారు వెనక నీళ్ళు నేనే పోస్తాను, చెంబు కూడా తోమిపెట్టాను అంది, నీళ్ళలా వెళ్ళి నీళ్ళలా రావాలని పోసే నీళ్ళు, ఇరవై ఎనిమిదేళ్ళు రెండో అంతస్తు బాల్కనీ నుంచి సబహత్ పోసింది, రోజుకో గ్లాసు, ఒకసారి పోస్ట్‌మ్యాన్ నెత్తిన పడింది, అన్నేళ్ళు వెనక నిలబడి పోసిన మనిషి రేపు కారులో ఉంటుంది, కారు నడిపేదెవరన్నదే కాగితం మీద రాయాల్సిన మొదటి ముక్క, నాలుగు కాగితాల్లోనూ రెమ్జి అది రాయలేదు.

ఐదోది తీసుకున్నాడు, గురువారం అని రాశాడు, తొమ్మిది అని రాసి కొట్టేసి పది చేశాడు, మొదట కెమెర్ ఊరి దాకా రోడ్డు దక్షిణానికి పోతుంది, తొమ్మిదింటికి ఎండ ఎడమ చెంప మీద కొడుతుంది, పదికైతే కాస్త పైకెక్కుతుంది, మధ్యాహ్నం రెండుకి ఆపెయ్యాలి, ఆ తరువాత సూర్యుడు ఎదురొస్తాడు, సొరంగాలున్నాయి, వెలుతురులోంచి చీకట్లోకి దూరినప్పుడు ఆ రెండు క్షణాలు, మునుపు ఆ రెండు క్షణాలు లెక్కలోకే వచ్చేవి కావు, సొరంగం తప్పించి వెళ్ళే దారి లేదు, రోజుకి నాలుగు గంటలు, ఈ లెక్కన గాడిద మీద పోయినా ఇంతకంటే ముందే చేరతారు, నిన్న మూడో కాగితం చూసి సబహత్ అననే అంది, ఏమయ్యా కెప్టెన్, ఇది షికారా, ఆసుపత్రిలో రోగుల్ని చూసే టైమా, పదికి తలుపు తీసి రెండుకి మూస్తున్నావు అని, కెప్టెన్ అని ఈ దారి పొడుగునా అందరూ పిలిచినవాళ్ళే, టీ కొట్టువాళ్ళు, పోలీసులు, ప్రయాణికులు, వాళ్ళ నోట్లో అది మర్యాద, సబహత్ నోట్లో వెటకారం, ముప్ఫై ఏళ్ళుగా ఆ తేడా అతనికి హాయిగానే ఉంది, నిన్న మాత్రం ఆసుపత్రి అన్న ముక్క దగ్గర చేతిలో పెన్ను ఆగింది.

సోమవారం మంగలి దగ్గరికి వెళ్తున్నానని చెప్పి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, తిరిగొచ్చాక మంగలి షాపు మూసుంది అన్నాడు, సోమవారమా అంది సబహత్, ఆ, సోమవారమే అన్నాడు, ఆదివారం తప్ప మూయని షాపు, ఆవిడ పెరిగిన జుట్టు వైపు చూసి వంటింట్లోకి పోయింది, డాక్టరమ్మ చిన్నపిల్ల, బాబాయ్ బాబాయ్ అంటూనే గడ్డం తీసుకెళ్ళి గిన్నెలాంటి యంత్రంలో ఆనించింది, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కండి అంది, కుడి కంటికి నొక్కుతూనే ఉన్నాడు, ఎడమ కంటికి ఎంతసేపటికీ చుక్క రాలేదు, యంత్రం ఆగిపోయినట్టుందమ్మా అన్నాడు, ఆగలేదు బాబాయ్, నడుస్తూనే ఉంది అంది, కంట్లో ఒత్తిడి, నరం దెబ్బతింది, ఎప్పట్నుంచో తింటూ వస్తోంది, పోయింది రాదు, మిగిలింది కాపాడుకోవాలి, కుడి కన్ను బాగుంది అని రెండుసార్లు చెప్పింది, ఇక స్టీరింగ్ పట్టకూడదు, రిపోర్టులో అలాగే రాస్తాను, అమ్మా ఈ ఒక్కసారికి, ఫెతియె దాకా, కళ్ళు మూసుకుని నడపగలను ఆ దారి అన్నాడు, నా భయం కూడా అదే బాబాయ్ అంది, కౌంటర్లో అమ్మాయి ఫోను నంబరు అడిగి రాసుకుంది, రిపోర్టు తయారవగానే మెసేజ్ వస్తుంది అంది, రెండు రోజులు అవుతోంది, రాలేదు, ఫోను తీసి చూశాడు, మళ్ళీ చూశాడు, రాకపోతేనే మంచిది, రాకపోతే ఇంకా ఏమీ జరగనట్టే, చుక్కలమందు సీసా మాత్రం కోటు లోపలి జేబులో ఉంది, స్నానాల గది గడియ పెట్టుకుని వేసుకుంటున్నాడు, అరవై మూడేళ్ళ మనిషి, సిగరెట్టు దాచుకునే కుర్రాడిలాగా.

శనివారం మాట డాక్టరమ్మకి చెప్పలేదు, పళ్ళ మార్కెట్ దగ్గర కూడలి, ఎడమవైపు ఖాళీ, ఖాళీ అని చూసే కదిలాడు, ఆ ఖాళీలోంచి సైకిలు వచ్చింది, సైకిలు మీద ముసలాయన, రెమ్జి బ్రేకు తొక్కాడు, వెనక సీట్లో దానిమ్మపళ్ళు సంచీలోంచి దొర్లి కిందపడ్డాయి, ముసలాయన ఆగి, నీ కళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చావా అని అరిచి పోయాడు, సబహత్ నెమ్మది అంది, ఒకే మాట, ఇంటికొచ్చాక వంగి పళ్ళు ఒక్కొక్కటీ ఏరింది, ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు అని కంపెనీవాళ్ళు ఇచ్చిన పలక గోడ మీద ఉంది, దాని కిందే ఇప్పుడు కూచుని రాస్తున్నాడు, క్లచ్ పోయిందని చెప్పొచ్చు, మెకానిక్ ఇస్మెత్ తన మనిషే, వారం పడుతుందంటాడు, వారం తరువాత ఏం చెప్పాలి, వానలొచ్చాయని, వానల తరువాత చలి, చలి తరువాత సెలవుల జనం, పదవీ విరమణ అయి మూడేళ్ళు, మూడేళ్ళూ ఇలాగే ఏదో ఒకటి చెప్పాడు, అప్పుడు కన్ను కారణం కాదు, మళ్ళీ ఆ దారేనా అన్న నీరసం, ఇప్పుడు వెళ్దామని అతనే అన్నాడు, అన్న నెలకి కన్ను.

వంటింట్లో సబహత్ ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతోంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, స్పీకర్ ఎందుకో ఆన్ అయి ఉంది, ఫినికె నుంచి ఆవిడ పెద్దమ్మ కూతురు మ్యుజెయ్యెన్ గొంతు ఇంటినిండా మోగుతోంది, చూడక్కా, మా ఊరి మీదుగా పోతూ మా గుమ్మం తొక్కకుండా పోయావో, నేను చచ్చాననుకో, రాత్రికి ఉండాల్సిందే, పక్కలు దులిపి ఎండలో వేశాను, లాడ్జిలో పడుకుంటారా, ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను, సరే తల్లీ ఉంటాంలే, నీ పక్కల మీదే దొర్లుతాం అని సబహత్, అలా మొదటి రాత్రి ఫినికెకి పోయింది, రెండో రాత్రి దెమ్రెలో రెమ్జి చెల్లెలికి నిన్ననే పోయింది, ముప్ఫై కిలోమీటర్లకి ఒక రాత్రి, ఈ తీరంలో ఊరికో చుట్టం ఉన్నవాడు ఎప్పటికీ ఫెతియె చేరడు, మూడో రాత్రి ఒక్కటి మిగిలింది, కాష్‌లో, ఆ రాత్రి ఎవరికీ ఇవ్వను అంది సబహత్, అక్కడ మనకెవ్వరూ లేరు, దేవుడి దయ, సముద్రం వైపు కిటికీ ఉన్న గది తీసుకో, పొద్దున్నే లేచి నేను చూడాలి, అంతకంటే ఆవిడ ఏమీ అడగలేదు, నాలుగు రోజుల్లో ఒక కిటికీ.

సముద్రం వైపు, ఆ మాట ఎన్ని వేలసార్లు విన్నాడో, టికెట్టు చేతిలో పట్టుకుని బస్సు మెట్టు మీద నిలబడి అందరూ అడిగేదే, కెప్టెన్, సముద్రం ఎటొస్తుంది, వెళ్ళేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి, తల తిప్పకుండానే చెప్పేవాడు, సముద్రాన్ని తను చూశాడా అంటే చూశాడు, మలుపు అవతలి నుంచి లారీ వస్తోందో లేదో చూడటానికి నీళ్ళ మీద నీడ చూసేవాడు, అంతే, పెళ్ళైన పదోరోజు సబహత్‌ని ఇదే దారిలో ఫెతియె తీసుకెళ్ళాడు, తన బస్సులోనే, మొదటి వరస, కుడివైపు కిటికీ, తలుపు పక్క సీటు, అక్కడైతే లోపలి అద్దంలో ఆవిడ మొహం కనబడుతుంది, ఏడు గంటలూ మలుపుకోసారి అద్దంలోకి చూశాడు, దిగాక ఎలా ఉంది అని అడిగాడు, బాగుంది అంది, తిరుగు ప్రయాణం కొండల వెనక పైదారిలో వచ్చారు, అది త్వరగా వస్తుందని, మొన్న ఆదివారం టీ తాగుతూ హాజెర్ అడిగింది, కెప్టెన్ పెళ్ళానివి అయ్యుండి ఆ దారి చూళ్ళేదా వదినా అని, చూడకేం, ఏడు గంటలు చూశాను, కొండని, నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది అంది సబహత్, హాజెర్ నవ్వింది, సబహత్ నవ్వింది, రెమ్జి చెంచాతో టీ తిప్పుతూ ఉండిపోయాడు, చక్కెర ఎప్పుడో కరిగిపోయింది, ఊళ్ళో వాళ్ళందరికీ సముద్రం ఎటో చెప్పినవాడు.

రేపు కూడా అంతే, ఐదో కాగితం మీద పెన్ను ఆగింది, కారు స్టీరింగ్ ఎడమవైపు, తను నడిపితే ఆవిడ కుడివైపు, వెళ్ళినంతసేపూ కొండ, నాలుగు రోజులు కొండ, ఫెతియె నుంచి మొదలుపెట్టి ఇటు వస్తే, పైదారిలో ముందు అక్కడికి పోయి, అప్పుడు సముద్రం కుడివైపు, ఆవిడ వైపు, కానీ నడిపేది ఎవరు, మళ్ళీ అక్కడికే వచ్చింది, ఆవిడకి లైసెన్సు ఉంది, పదకొండేళ్ళుగా ఉంది, బుధవారం సంతకి తనే నడుపుకుని పోతుంది, ఇతను లేకుండా, ఒక్కసారి ఇతను పక్కన కూచున్నాడు, దారంతా కుడికాలు ఉత్త నేలని బ్రేకులా తొక్కుతూనే ఉంది, ఇప్పుడు వదులు, గేరు మార్చు, అద్దం చూడు, స్టేడియం దగ్గర కారు పక్కకి తీసి ఆపింది, దిగు అంది, నడిచి రా అంది, నడిచే వచ్చాడు, నాలుగు కిలోమీటర్లు, అప్పట్నుంచి ఇద్దరూ ఉంటే స్టీరింగ్ అతనిది, ఇంట్లో కెప్టెన్ ఉండగా అని ఆవిడ చుట్టాలతో అనేది, ఆ కెప్టెన్‌కి ఒక కన్ను లేదని ఏ గంటకి చెప్పాలి, అది ఏ కాగితం మీద రాయాలి.

ఏమయ్యా కెప్టెన్, రాతకోతలు తరువాత, కిందికెళ్ళి ఈ మంచినీళ్ళ డబ్బా కారులో పెట్టిరా, రేపు హడావిడిలో మర్చిపోతాం అంది సబహత్, రేపటికి ఇవాళ్టి నీళ్ళా అన్నాడు, నీళ్ళు పాచిపోవులే, పో అంది, చేతులకి బియ్యం అంటుకుని ఉంది, మొహం ఇటు తిప్పలేదు, తాళాలు తీసుకున్నాడు, కాగితమూ పెన్నూ జేబులో పెట్టుకున్నాడు, ఎడమ చెయ్యి గోడకి ఆనించి మెట్లు దిగాడు, ఈమధ్య ఆ అలవాటు వచ్చింది, డబ్బా వెనక పెట్టాడు, పెట్టి, ఇంజను ఒకసారి విందామని ఎడమ తలుపు తీసి కూర్చోబోయాడు, మోకాలు స్టీరింగ్‌కి కొట్టుకుంది, సీటు ముందుకి జరిపి ఉంది, మూడు గళ్ళు, సంత నుంచి వచ్చిన ప్రతిసారీ దిగేముందు సీటు వెనక్కి జరుపు అని పదకొండేళ్ళ కింద చెప్పాడు, పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు ఆవిడ, అద్దం కిందికి వంచి ఉంది, ఆవిడ ఎత్తుకి, వీపు వెనక పెట్టుకునే దిండు కూడా ఉంది, ఇవాళ బుధవారమే కానీ సంతకి ఇంకా వెళ్ళలేదు, నిన్న ఎక్కడికీ వెళ్ళలేదు, పక్క సీటు చూశాడు, కుడివైపుది, అది చివరి గడి దాకా వెనక్కి జరిపి ఉంది, అంత వెనక్కి ఎవరి కాళ్ళు కావాలి, ఇంట్లో అంత పొడుగు కాళ్ళు ఇంకెవరికున్నాయి.

కౌంటర్లో అమ్మాయి నంబరు అడిగినప్పుడు ఆలోచించకుండా చెప్పాడు, గడగడా చెప్పాడు, అతనికి నోటికి వచ్చిన నంబరు ఒకటే, కాష్‌లో ఆగినా ఫినికెలో ఆగినా చేరాను అని చెప్పడానికి చేసిన నంబరు, తన నంబరు తనకి రాదు, తనకి తను ఎప్పుడూ ఫోను చేసుకోలేదు, చివర్లో డెబ్భై ఒకటి, అది సబహత్‌ది, మెసేజ్ వచ్చే ఉంటుంది, సోమవారమే వచ్చి ఉంటుంది, అతను మంగలి షాపు మూసుందని చెబుతున్నప్పటికే, చెబుతాడా లేదా అని ఆవిడ రెండు రోజులు చూసింది, ఆసుపత్రి టైమా అని ఒకసారి తలుపు తట్టింది, ఇప్పుడు నీళ్ళ డబ్బా ఇచ్చి పంపింది, రెమ్జి దిగి చుట్టూ తిరిగి వచ్చి కుడివైపు తలుపు తీశాడు, కూర్చున్నాడు, కాళ్ళు పూర్తిగా చాచుకున్నా చోటు మిగిలింది, పై నుంచి హాజెర్, రెమ్జి అన్నా, అటు కూచున్నావేంటి, స్టీరింగ్ ఎవరన్నా ఎత్తుకుపోయారా, కొలత చూస్తున్నానమ్మా అన్నాడు, కుడికాలు నేలని తొక్కబోయింది, తీసి మడిచి సీటు కింద పెట్టుకున్నాడు, ఆవిడ నడిపితే ఆవిడ ఎడమవైపు, వెళ్ళేటప్పుడు ఎడమ, కెమెర్ నుంచి ఫెతియె దాకా సముద్రం ఆవిడ భుజం పక్కనే, అతనికి కొండ, ముక్కుకి జానెడు దూరంలో, వచ్చేటప్పుడు పైదారి వద్దు, అదే దారిన రావాలి, వచ్చేటప్పుడు కుడి, కుడి కన్ను బాగుందని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు, పది కొట్టేసి మళ్ళీ తొమ్మిది చేశాడు, రెండు గంటలకి ఆపాలన్నది కొట్టేశాడు, పైన ఖాళీ ఉన్నచోట రాశాడు, కెప్టెన్: సబహత్, దాని కింద, కుడివైపు సీటు: రెమ్జి.

ఏడు యాభైకి సబహత్ చేతులు కడుక్కుని ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.