పంపిన టైము: లేదు

మా మామయ్య ఫోన్లో "బయల్దేరిపోయా, వీధి చివర ఉన్నా" అన్నాడంటే ఇంకా గడ్డానికి సబ్బు కూడా రాసుకోలేదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ అలవాటుతో ఇంట్లో ఎంతమందిని గుమ్మంలో నిలబెట్టినా నవ్వుకుని ఊరుకున్నాను. దాన్ని తెచ్చి నా డ్రైవర్‌లో పెడతానంటే మాత్రం ఎలా ఊరుకుంటాను?

మామయ్యది నెట్‌వర్క్ కార్డులు తయారుచేసే చిన్న కంపెనీ. కంప్యూటర్‌కీ కార్డుకీ మధ్య మాట నడిపే ప్రోగ్రామే డ్రైవర్. అది రాసేది నేను. నాన్న పోయాక నన్ను చదివించింది మామయ్యే, ఈ కుర్చీలో కూర్చోబెట్టిందీ ఆయనే. ఆ సంగతి నాకెవరూ గుర్తు చేయక్కర్లేదు. అయినా రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

ఈమధ్య ఒక విద్యుత్ సంస్థ మా కార్డులు కొంటామని వచ్చింది. వాళ్ళకు కావలసింది ఒక్కటే. ప్యాకెట్ అనే సమాచారపు తునక తీగ మీదికి వెళ్ళిన క్షణాన్ని కార్డే చూసి, టైము ముద్ర వేయాలి. ఆ ముద్రలను బట్టే కరెంటు లైనుకు రెండు కొసలా ఉన్న పెట్టెలు తమ గడియారాలను సరిచేసుకుంటాయి. ముద్ర తప్పితే బాగున్న లైనును కూడా చెడిందనుకుని కట్టేస్తాయి. దాని మీద ఆసుపత్రి ఉన్నా సరే, చీకటే.

బయటినుంచి వచ్చిన ప్యాకెట్ మీద ముద్ర వేయడం మా కార్డుకు వచ్చు. పంపే ప్యాకెట్ దగ్గరే తడబడుతుంది. పని ఎక్కువైతే వెనకటి ప్యాకెట్ టైమునే మళ్ళీ తెచ్చి చేతిలో పెడుతుంది. అందుకే "నీకేం వచ్చు?" అని కంప్యూటర్ అడిగితే నా డ్రైవర్ ఉన్నదున్నట్టు చెబుతుంది. వచ్చిన టైము: ఉంది. పంపిన టైము: లేదు.

"ఆ లేదుని ఉంది చెయ్యి," అన్నాడు మామయ్య. "వాళ్ళకి మాటిచ్చేశా."

"మాటిచ్చింది నువ్వు. డ్రైవర్ నాది."

"ఈ ఆర్డరు పోతే కంపెనీ ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. అయినా చెయ్యను."

మామయ్య కొడుకు, అంటే మా బావ, అమ్మకాలు చూస్తాడు. కోడ్ రాయడం కాస్త వచ్చు, వచ్చని చెప్పుకోవడం బాగా వచ్చు. "ఎందుకే అంత బెట్టు? కార్డుకి ప్యాకెట్ ఇచ్చేటప్పుడు కంప్యూటర్ టైము చూసి రాసేస్తే పోలా? ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

"ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ బయల్దేరానని చెప్పడం అంటారు దాన్ని," అన్నాను. మామయ్య కిటికీ వైపు తిరిగాడు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. డ్రైవర్‌లో ఒక్క అక్షరం మార్చినా, ఆ మార్పు కింద మార్చినవాళ్ళ పేరుండాలి. తర్వాత తేడా వస్తే ఆ పేరున్నవాళ్ళే జవాబు చెప్పాలి. ఈ పద్ధతి పెట్టింది మామయ్యే. విద్యుత్ సంస్థ ఇంజినీరు వచ్చే రోజు పొద్దున నేను డ్రైవర్ తెరిచి చూస్తే, "లేదు" కాస్తా "ఉంది" అయి కూర్చుంది, బావ చెప్పినట్టే కంప్యూటర్ టైము చూసి రాసే వరుసలతో సహా. కింద నా పేరు.

ఒళ్ళు మండిపోయింది. "ఎవరు పెట్టారు నా పేరు?"

"డ్రైవర్ నీదేగా, నీ పేరే పెట్టా," అన్నాడు బావ, కాఫీ ఊదుకుంటూ. "మర్యాద చేసినా తప్పేనా?"

నా పేరుతో అబద్ధమాడి దానికి మర్యాదని ముసుగేశాడు, సిగ్గులేని మనిషి. ఆ మార్పు తీసేశాను. తీసేసినందుకు కింద నా పేరు రాశాను, ఈసారి నిజంగా నేనే.

ఇంజినీరు వచ్చింది. నలిగిన చొక్కా, చేతిలో టైము కొలిచే పెట్టె, ముక్తసరి మాట. కార్డుకేం వచ్చో అడిగే కమాండ్ కొట్టింది. తెర మీద పడింది. పంపిన టైము: లేదు.

"మీ కరపత్రంలో ఉందని వేశారే?" అంది మామయ్యతో.

మామయ్య నా వైపు చెయ్యి చూపించాడు. "మా అమ్మాయి పొరపాటు చేసినట్టుంది మేడం. ఒక్క నిమిషంలో సరిచేస్తుంది."

"పొరపాటు కాదు మేడం," అన్నాను. "ఉందని చెప్పే డ్రైవర్ కూడా ఉంది. చూపిస్తాను."

బావ మార్పు మళ్ళీ ఎక్కించాను. మెషీన్ ఖాళీగా ఉన్నంతసేపు టైములు ఆవిడ పెట్టె చెప్పిన వాటికి దగ్గరగానే పడ్డాయి. బావ మొహం వెలిగిపోయింది. అప్పుడు పెద్ద పెద్ద ఫైళ్ళ కాపీ మొదలుపెట్టాను. కార్డు ముందు ప్యాకెట్లు బారులు తీరాయి. డ్రైవర్ పంపేశానంటోంది, ఆవిడ పెట్టె ఇంకా ఏమీ రాలేదంటోంది. రెంటికీ మధ్య ఎడం పెరుగుతూనే పోయింది.

"ఇది మీ లైన్ల మీద పెడితే నాకు కంటి మీద కునుకుండదు," అన్నాను.

ఆవిడ పెట్టె సర్దుకుంది. "లేనిదానితో నాకు పనిలేదు. నిజంగా వచ్చాక పిలవండి," అని లేచింది. ఒక్క ముక్క మెచ్చుకుంటుందేమోనని లోపల ఆశపడ్డాను. మెచ్చుకోలేదు. ఆవిడ వెంటే ఆర్డరూ వెళ్ళిపోయింది.

"ఇంటికి పో," అన్నాడు మామయ్య. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పోను."

"ఇది నా కంపెనీ."

"కంపెనీ నీదే. డ్రైవర్ కింద పేరు నాది. పంపే టైము నిజంగా తెప్పించేదాకా ఈ కుర్చీలోంచి లేవను. కావాలంటే కుర్చీతో సహా మోసుకెళ్ళి బయట పడెయ్."

మోయలేదు. మాట్లాడటం మానేశాడు. ఆయన అటు వస్తే నేను ఇటు, భోజనం దగ్గర కూడా అంతే. బావ మాత్రం నాకు నిజాలమ్మ అని పేరు పెట్టి, "ఏం నిజాలమ్మా, వచ్చిందా టైము?" అని వచ్చినప్పుడల్లా ఏడిపించేవాడు. నేను తల ఎత్తకుండా పనిచేశాను. చిక్కు ఎక్కడ పడుతోందో దొరికింది గానీ విప్పడం ఇంకా చేతకాలేదు.

ఒక పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. మామయ్య.

"బయల్దేరిపో..." అని ఆగాడు. "లేదులే. ఇంకా సబ్బు రాసుకుంటున్నా."

నేను కీబోర్డు మీంచి చెయ్యి తీశాను.

"ఇవాళ ఇంకో కంపెనీ వాళ్ళొస్తున్నారు. పంపే టైము వచ్చిందా?"

"రాలేదు మామయ్యా."

అవతల కుళాయి చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"అయితే లేదనే ఉండనీ," అన్నాడు. "వాళ్ళకి నేను చెప్తాలే."