వెలిసిన జీన్సు

ధర్మవరం వీధుల్లో రఫీక్ నడిచి వెళ్తుంటే, బెంగళూరు రైలు దిగి వస్తున్నాడేమో అనుకునేవారు. తొడల మీద తెల్లగా వెలిసిన జీన్సు, వదులు టీషర్టు, వెనక్కి తిప్పి పెట్టిన టోపీ. క్యాసెట్ల అంగడిలో పనిచేసేవాడికి ఇంత సోకు ఎలా కుదురుతుందని స్నేహితులు అడిగితే, "తెలివుండాలప్పా" అనేవాడు.

ఆ తెలివి ఏమిటంటే, ఆదివారం హిందూపురం వెళ్ళి, రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మే, లోపముందని ఫ్యాక్టరీలు తీసేసిన సెకండ్స్‌లో చవకగా నాలుగు గుడ్డలు ఏరుకురావడం. ఊడిన కుట్లు వేసేది చెల్లెలు ఫిర్దోస్. అది రెండువేల నాలుగో సంవత్సరం. వెలిసిన జీన్సుకే గిరాకీ. కొత్త నీలం ప్యాంటును బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో తడిపి, ఇటుక ముక్కతో రుద్ది తెల్లబరిచేదీ ఆమే. తర్వాత స్నేహితుల ప్యాంట్లూ వచ్చాయి. వాళ్ళిచ్చిన డబ్బుతో రఫీక్ బూట్లు కొనుక్కున్నాడు. తల్లి బుడన్‌బీ కొడుకును చూసి మురిసిపోయింది. మగపిల్లవాడి సోకును మెచ్చుకునే మనలో ఎందరం, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చూస్తాం?

తండ్రి పోయిన ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఫిర్దోస్ కూలితోనే. పగలంతా మగ్గాల ఇళ్ళలో పడుగు అతికేది. అయిపోవచ్చిన పట్టు పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి కలపాలి. ఆమె అతికితే తెగదని పేరు.

"అమ్మా, వేళ్ళు మండుతాండాయి. రబ్బరు గ్లౌజులు తెప్పియ్యి" అని ఒకసారి అడిగింది.

"నాలుగు ప్యాంట్లకు గ్లౌజులెందుకే? కొబ్బరినూనె రాసుకో" అంది బుడన్‌బీ.

నూనె వేళ్ళతో ముట్టుకుంటే పట్టుకు మరక పడుతుంది. అందుకని ఆ పిల్ల అదీ రాసుకోలేదు.

చలికాలానికి వేళ్ళ కొసలు చీలికలు పడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నమే మగ్గం యజమాని ఉలిగప్ప ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు.

"ఏమనుకోవద్దక్కా. పాప వేళ్ళకు పట్టు తగులుకొని పోగులు తెగిపోతాండాయి. పెండ్లిచీర అది. ఇంకొకరిని పిలుచుకుంటా" అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. మందులతో చీలికలు మానాయి గానీ చర్మం మొద్దుబారింది. వేళ్ళ మధ్య పోగు ఉందో లేదో కూడా ఆమెకు తెలియడం లేదు. పద్దెనిమిదేళ్ళకే చేతిలో పని పోయిన ఫిర్దోస్ ఏడవలేదు, చేతులు చున్నీలో దాచుకుంది.

ఆదివారం రఫీక్ ప్యాంట్ల సంచి తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు.

"ఇప్పుడు ఇంట్లోనే ఉండావు కదా. ఇవి తొందరగా అయిపోతాయిలే."

వాడికి చెల్లెలి మీద కోపమేమీ లేదు. మంచినీళ్ళు అడిగినట్టే అడిగాడు. ఫిర్దోస్ కూడా లేచి బకెట్టు తెచ్చుకుంది. బకెట్టు పట్టుకున్న ఆ వేళ్ళను చూసి బుడన్‌బీ కూతురి చేతిలోని బకెట్టు లాక్కుంది.

"నిన్ను అనేదానికి నాకు నోరు లేదురా రఫీకూ. నీకు అడిగేది, నీ చెల్లెలికి తల వంచేది, రెండూ నేర్పింది నేనే. గుడ్డ ఎంత చవకగా వచ్చెనని మురిస్తి గానీ, నా బిడ్డ చేతులు ఒక్కసారీ చూడలేదు. ఇంట్లో ఆడపిల్ల బతుకు గుంజుకొని చేసుకునే సోకు, ఎంత చవకైనా దొంగసొత్తేరా."